వేపకర్ర విన్న టకటక

అనగనగా, అంటే మరీ అంత పాతకాలం కాదు, రాజులు పోయి పెట్రోలు వచ్చిన కాలంలో, మేకలకొండ అని ఒక కొండ ఉండేది. ఆ కొండకు తొమ్మిది మలుపులు. పైన ఐదు పల్లెలు. కింద దిగువపాలెం.

దిగువపాలెంలో లోకనాథం అనే ఆయన ఉండేవాడు. ప్రతి మంగళవారం ఆస్పత్రి మందులు ఐసుపెట్టెలో సర్దుకుని, కొండెక్కి, ఐదు పల్లెలకూ ఇచ్చి రావడం అతని పని. జ్వరం మందు, పాముకాటు మందు, పసిపిల్లల సూదిమందు అన్నీ ఆ పెట్టెలోనే. బస్సు ఆ కొండెక్కదు. వానొస్తే జీపూ ఎక్కదు. లోకనాథం మోటారు సైకిలు ఒక్కటే ఎక్కుతుంది.

ఆ మోటారు సైకిలు పాతది. టూస్ట్రోక్ బండి, పెట్రోలులోనే నూనె కలిపి పొయ్యాలి. పన్నెండేళ్లు ఎవరిదో పశువులపాకలో పడివుంటే లోకనాథం తెచ్చుకున్నాడు. తెచ్చిననాడు దాని సైలెన్సర్‌లో ఎలుకలు కాపురం పెట్టి ఉన్నాయి. లోకనాథమూ అతని భార్య అప్పలకొండా కలిసి చింతపండు పెట్టి తోమారు, బూడిద పెట్టి తోమారు, గరుకు కాగితం పెట్టి తోమారు. తుప్పంతా పోయి ట్యాంకు తళతళలాడింది. కిక్కు కొడితే పుటపుటలాడింది. అది కొండెక్కిన రోజున అప్పలకొండ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఆర్నెల్లు బాగానే నడిచింది. ఆ తరువాత ఒక మంగళవారం సాయంత్రం కొండ దిగి వస్తున్న బండిలో కొత్త శబ్దం వినిపించింది.

టక టక టక.

అప్పలకొండ గానుగవాళ్ల పిల్ల. పుట్టింట్లో గానుగ చప్పుడు వింటూ పెరిగింది. గానుగ రోలు అరిగినా రోకలి ఎండినా చూడకుండా చెప్పేది. ఆమె పరుగున వాకిట్లోకి వచ్చింది.

"మావా, బండిలో ఏటో మోగుతోంది," అంది.

"పాత బండి కదే. పాత మనిషికి దగ్గు రాదా?" అన్నాడు లోకనాథం.

తెల్లారి కిక్కు కొడితే శబ్దం లేదు. మళ్లీ మంగళవారం సాయంత్రం ఉంది. బుధవారం పొద్దున్న లేదు. దొంగకు వేళ తెలిసినట్టు ఆ శబ్దానికీ వేళ తెలుసు.

అప్పలకొండ భయానికి కారణం ఉంది. పైనుంచి లెక్కపెడితే ఎనిమిదో మలుపును గద్దమలుపు అంటారు. రెండేళ్ల కిందట అక్కడే ఒక పాలవాడి బండి ఇంజను దిగేటప్పుడు పట్టేసింది. ఇంజను పట్టేస్తే వెనక చక్రం రాయిలా బిగుసుకుపోతుంది. బండి జారిపోయింది. ఊరివాళ్లకు దొరికింది అతని తువ్వాలు ఒక్కటే.

ఆ తువ్వాలు అప్పలకొండ కళ్లలో మెదిలేది. మంగళవారం వస్తే ముద్ద దిగేది కాదు. పొయ్యి మీద అన్నం, చెవి కొండ మీద. బండి ఎక్కేటప్పుడు మలుపు మలుపుకూ పుటపుట వినిపించేది. దిగేటప్పుడు ఏమీ వినిపించేది కాదు. కొండ కిందికి వచ్చాకే ఒక్కసారిగా టకటక.

"దిగేటప్పుడు ఎందుకు వినపడదు మావా?" అని అడిగిందొకసారి.

"గాలి అటు తోలుతుంది," అన్నాడు లోకనాథం. మాట మార్చి మజ్జిగ అడిగాడు.

ఆమె పోరు పడలేక లోకనాథం బండిని పెద్ద బోర్డున్న షాపుకు తీసుకెళ్లాడు. ఆ షాపాయన బుధవారం పొద్దున్న బండిని చదును రోడ్డు మీద అటూ ఇటూ తిప్పాడు.

"నూనె చాలడం లేదు. పెట్రోలులో నూనె రెట్టింపు కలుపు," అన్నాడు.

రెట్టింపు కలిపారు. బండి పొగ కక్కింది. ఊళ్లో కోళ్లు దగ్గాయి. శబ్దం కొంచెం మెత్తబడింది. రెండు వారాలు గడిచేసరికి మళ్లీ టకటక.

అప్పుడు పక్క ఊళ్లో, గాజు తలుపులున్న షాపుకు తీసుకెళ్లాడు. ఆయనా చదును రోడ్డు మీదే తిప్పాడు.

"పిస్టన్ అరిగింది. సిలిండరు లోపల చెక్కించి, బోరు చేయించి కొత్తది వేద్దాం. ఇంక చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా ఉండదు," అన్నాడు.

వేశాడు. ఆయన అన్నట్టే చీమ చిటుక్కుమనలేదు. లోకనాథం మీసం మీద చెయ్యి వేశాడు.

"విన్నావా? ఏటైనా మోగిందా?"

అప్పలకొండ విన్నది. మోగలేదు. అయినా మనసు కుదుటపడలేదు. మూడో మంగళవారం సాయంత్రం బండి ఇంటి ముందు ఆగినప్పుడు మళ్లీ మోగింది. ఈసారి టకటక కాదు. సన్నగా, బిగువుగా, పళ్లు కొరుకుతున్నట్టు ఉంది.

ఆ రోజే పడమట మబ్బు పట్టింది. వానలు వస్తే కొండ మీద జ్వరాలు వస్తాయి. జ్వరాలు వస్తే లోకనాథం వారానికి మూడుసార్లు ఎక్కాలి. మూడుసార్లు ఎక్కితే మూడుసార్లు గద్దమలుపు దిగాలి.

సంతవీధి చివర గౌరయ్య అనే ముసలి మెకానిక్ ఉండేవాడు. ఆయనకు బోర్డు లేదు, గాజు తలుపుల్లేవు. రేకు కింద ఒక పీట, ఒక పాత డబ్బా ఉన్నాయి. నలభై ఏళ్లు సైలెన్సర్ లేని ఇంజన్ల దగ్గర కూర్చుని చెవులు పోయాయి. చెవిటి మెకానిక్ అని జనం నవ్వేవాళ్లు. బండిని ఆయనకు చూపిద్దామంది అప్పలకొండ.

"చెవిటివాడి దగ్గరికి శబ్దం చూపించడానికి తీసుకెళ్తావా? రేపు గుడ్డివాడికి చీర చూపిస్తావు," అన్నాడు లోకనాథం.

"కళ్లూ చెవులూ ఉన్న ఇద్దరూ అయిపోయారు కదా మావా. ఇంక ఈయనే మిగిలాడు," అంది అప్పలకొండ.

గౌరయ్య బండి చుట్టూ తిరిగాడు. మూరెడు వేపకర్ర తీసి ఒక కొసను ఇంజను మీద ఆనించాడు, రెండో కొసను పళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏటది తాతా?" అని ఆయన చెవిలో అరిచింది అప్పలకొండ.

"చెవులు పోయినా ఎముకలున్నాయి తల్లీ. కర్ర చెబుతుంది, ఎముక వింటుంది," అన్నాడు గౌరయ్య. చాలాసేపు విని కర్ర తీశాడు.

"ఏటి రోగం?" అని అరిచాడు లోకనాథం.

"తెలీదు."

లోకనాథం పకపకా నవ్వాడు. "నువ్వొక్కడివే నిజం చెప్పావు తాతా. ఆ ఇద్దరూ తెలుసన్నారు!"

గౌరయ్యకు నవ్వు వినపడలేదు. "ఇక్కడ మోగనిదాన్ని ఇక్కడ వింటే నాకేం తెలుస్తుంది? మోగిన చోట వినాలి. వచ్చే మంగళవారం నీ వెనక నేనెక్కుతా," అన్నాడు.

మంగళవారం ఎక్కాడు. మందులిచ్చారు, దిగారు. అప్పలకొండ వాకిట్లో నిలబడి చూస్తోంది. ఆశ్చర్యం! ఆ రోజు బండి దిగుతూ మలుపు మలుపుకూ పుటపుట వినిపించింది. ఇంటి ముందు ఆగింది. టకటక లేదు, పళ్లు కొరకడమూ లేదు.

గౌరయ్య దిగి నడుం పట్టుకున్నాడు. అప్పలకొండను పక్కకు పిలిచాడు. వినపడదు కాబట్టి మెల్లగా మాట్లాడుతున్నాననుకుని ఊరంతా వినేట్టు అన్నాడు.

"తల్లీ, బండి నా ముందు మర్యాదగా నడిచింది. లేకపోతే మనిషి నా ముందు మర్యాదగా నడిపాడు. రోగి వైద్యుడి ముందు సర్దుకుని కూర్చుంటాడు, పెళ్లాం ముందు కూర్చోడు. వచ్చేసారి నువ్వెక్కు."

"నేనా? నాకేం తెలుస్తుంది?" అని ఆయన చెవిలో అరిచింది అప్పలకొండ.

"గానుగవాళ్ల పిల్లవి కదా, గానుగ ఎండితే తెలుస్తుందా లేదా?"

"తెలుస్తుంది," అని తల ఊపింది.

"ఇదీ అంతే." గౌరయ్య ఆమె చేతికి రెండు మూరల వేపకర్ర ఇచ్చాడు. "నడిచే బండి మీద పళ్ల మధ్య పెట్టకు, రాలిపోతాయి. దవడకు ఆనించు. శబ్దం సన్నబడి కీచుమన్నదనుకో, ఇంక ఆలోచించకు. క్లచ్ పట్టమని కేకెయ్యి. క్లచ్ పడితే ఇంజను బిగిసినా చక్రం తిరుగుతుంది. చక్రం తిరిగితే మనిషి బతుకుతాడు."

ఆ వారమంతా అప్పలకొండకు నిద్ర సరిగా లేదు. రుబ్బురోలు దగ్గర "క్లచ్, క్లచ్" అనుకునేది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

మంగళవారం వచ్చింది. భార్యాభర్తలు కొండెక్కారు. ఐదు పల్లెల్లో మందులిచ్చారు. పెట్టె ఖాళీ అయింది. దిగడం మొదలుపెట్టారు. అప్పలకొండ ఒక పక్కకు తిరిగి కూర్చుని కర్ర ఒక కొస ఇంజను మీద, రెండో కొస దవడకు ఆనించింది.

మొదటి మలుపు దగ్గర లోకనాథం ఎడమచెయ్యి ట్యాంకు కిందికి పోయింది. పెట్రోలు ట్యాప్ కట్టేశాడు. యాక్సిలేటర్ పూర్తిగా మూసేశాడు. బండి గేరులోనే ఉంది, చక్రంతో పాటు ఇంజనూ తిరుగుతోంది. పుటపుట ఆగిపోయింది. ఒక్క గాలి చప్పుడే మిగిలింది.

అప్పలకొండకు అర్థమైంది. దిగేటప్పుడు ఇన్నాళ్లూ ఏమీ వినపడనిది ఇందుకా!

"ఏటి చేశావు మావా?"

"ఏం చేశాను? దిగడానికి పెట్రోలెందుకే? కొండే దింపుతుంది. మా నాయన పల్లం దిగేటప్పుడు ఎడ్లను అదిలించేవాడా?"

"పోయిన వారం తాత ఎక్కినప్పుడూ కట్టేశావా?"

లోకనాథం తల తిప్పకుండానే అన్నాడు. "ఇంటికొచ్చిన పెద్దమనిషికి నెయ్యి వెయ్యకుండా అన్నం పెడతామా? ఆయన ముందు కట్టేస్తే పిసినారి అనుకోడూ?"

మూడో మలుపు. కర్రలో చిన్నగా టిక్ టిక్.

ఐదో మలుపు. టకటక. అది మామూలు టకటకే, సాయంత్రాలు తనను నంజుకు తిన్న టకటక.

"మావా, పెట్రోలు ఇప్పు."

"ఇంకెంత? నాలుగు మలుపులే కదా."

ఏడో మలుపు దాటింది. టకటక సన్నబడింది. ఎడతెగని ఒకే చప్పుడైంది. కీచుమంది. అది ఆమెకు తెలిసిన గొంతు. నువ్వులు వెయ్యకుండా ఎద్దును తోలితే గానుగ ఇలాగే ఏడుస్తుంది. నూనె లేని కర్ర కర్రను తింటున్నప్పుడు ఇలాగే ఏడుస్తుంది.

ఎదురుగా గద్దమలుపు.

"క్లచ్! మావా, క్లచ్ పట్టు!"

"ఏం కాద..."

ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగిసింది. బండి అడ్డంగా తిరిగి లోయ వైపు జారింది. అప్పలకొండ కర్ర వదిలేసి అతని వీపు మీద రెండు చేతులతో గుద్దింది.

"క్లచ్!"

లోకనాథం వేళ్లు బిగిశాయి. చక్రం వదిలింది. బండి ఒక్కసారి ఊగి నిలదొక్కుకుంది. అతను బ్రేకు తొక్కాడు. ముందు చక్రం లోయ అంచుకు జానెడు దూరంలో ఆగింది. జానెడు అవతల నేల లేదు.

తాడు తెగి ఐసుపెట్టె లోయలో పడింది. ఒకసారి తగిలిన చప్పుడు వినిపించింది. రెండోసారి వినిపించింది. మూడోసారి చాలా కిందనుంచి, చాలా చిన్నగా వినిపించింది. అంతే.

ఇద్దరూ రోడ్డు మీద కూలబడ్డారు. లోకనాథం చెయ్యి మీసం మీదికి పోలేదు. మిగిలిన దారంతా బండిని నడిపించుకుంటూ దిగారు.

మర్నాడు గౌరయ్య ఇంజను విప్పాడు. కొత్త పిస్టన్‌ను అరచేతిలో పెట్టి చూపించాడు. పొగ బయటికి పోయే వైపు నిలువునా చారలున్నాయి, పిల్లి గీరినట్టు. పిస్టన్‌ను రాడ్డుకు కలిపే చోట చిన్న బేరింగు కాలి నీలంగా మారింది.

"ఈ బేరింగు ఇన్నాళ్లూ టకటక అని చెబుతూనే ఉంది. ఆ షాపులవాళ్లిద్దరూ దీన్ని చూడలేదు. ఈ చారలు మాత్రం నిన్నటివి," అన్నాడు. "ఏం చేశావో చెప్పు నాయనా."

లోకనాథం తల వంచుకున్నాడు. ఆయన చెవిలో అరిచి చెప్పాలి కదా, అందుకని తన తప్పు ఊరంతా వినేట్టు చెప్పుకున్నాడు. "దిగేటప్పుడు పెట్రోలు కట్టేసేవాణ్ని తాతా!"

"అదీ సంగతి," అన్నాడు గౌరయ్య. "పెద్ద బండ్లకు నూనె కడుపులోనే ఉంటుంది. దీనికలా కాదు. ఇది తినే ముద్దలోనే నూనె. ముద్ద ఆపితే నూనె ఆగినట్టే. కొండ దింపుతోంది కదా అని నువ్వు పస్తు పెట్టావు. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంది. పొడిగా తిరిగింది. ఒకాయన ట్యాంకులో నూనె రెట్టింపు చేశాడు, ట్యాపే కట్టేస్తే అది దిగుతుందా? ఇంకొకాయన బిగువైన పిస్టన్ వేశాడు, అది ఇంకా తొందరగా పట్టేసింది. ఎలా నడుపుతావని వాళ్లు అడగలేదు. నువ్వు చెప్పలేదు. నేనూ మొదటిరోజే అడగాల్సింది."

గౌరయ్య నాలుగు రోజులు కూర్చున్నాడు. సిలిండరు సాపు చేయించాడు, బేరింగు మార్చాడు, పిస్టన్‌కు ఉండాల్సినంత సందు ఉంచాడు. నూనె కలిపే కొలత మామూలు కొలతకే తెచ్చాడు. చివర్న వేపకర్ర పళ్ల మధ్య పెట్టి విని, తీసి నవ్వాడు.

మంగళవారం వాన పడుతోంది. లోకనాథం కొత్త పెట్టె కట్టుకుని కొండెక్కాడు. సాయంత్రం అప్పలకొండ వాకిట్లో గొడుగు పట్టుకుని నిలబడింది. పొయ్యి మీద అన్నం, చెవి కొండ మీద. ఒక మలుపు గడిచి ఉంటుంది. ఏమీ వినపడలేదు. రెండో మలుపు కూడా గడిచి ఉంటుంది. ఏమీ లేదు. ఆమె గొడుగు కర్రను రెండు చేతులా పట్టుకుంది.

మూడో మలుపు దగ్గర, వాన చప్పుడులోంచి వచ్చింది.

పుట పుట పుట.

ఆ పుటపుట మలుపు మలుపుకూ పెద్దదవుతూ దిగింది. గద్దమలుపు దగ్గర కూడా ఆగలేదు. అప్పలకొండ గొడుగు మూసేసి, వానలోనే నిలబడి, చివరి మలుపు దాకా విన్నది.

నోరు నొక్కిన శబ్దం రోగాన్ని దాస్తుంది. ఓపికగా విన్న శబ్దమే ప్రాణాన్ని కాస్తుంది.