రయూమా మూడో దోసిలి

వరసగా మూడు వానకాలాలు వాన ఎగ్గొట్టిన ఏడు. గొర్రెల ఉన్ని కత్తిరించే వేసవి. వినేవాళ్లు దగ్గరికి జరగండి, విననివాళ్లు పోయి మంద కాయండి.

అంతకు చాలా ముందు, అబ్రాహాము తన కొడుకు ఇష్మాయేలును, వాడి తల్లి హాగరును ఎడారిలోకి పంపేశాడు. తిత్తిలో నీళ్లు అయిపోయాయి. పిల్లవాడు పొద కింద పడి ఏడిస్తే దేవుడు వాళ్లకు బావి చూపించాడు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడయ్యాక పుట్టిన కొడుకే కేదారు. కేదారు తనవాళ్లకు ఒకే కట్టడి పెట్టాడు. "మా నాయన దప్పికతో ఏడ్చినవాడు. అందుకని, ఎవరొచ్చినా ముందు మూడు దోసిళ్ల నీళ్లు పొయ్యండి. పేరు తర్వాత అడగండి."

కేదారు మనుమలు నల్ల డేరాల్లో ఉంటూ మేకల్నీ గొర్రెల్నీ మేపుకునేవాళ్లు. వాళ్ల బావి దగ్గర నీళ్లు చేదే ముసలమ్మ రయూమా. ఆమెకు డేరా లేదు, మంద లేదు. ఉన్నది ఒక గొంగడి. మోకు లాగీ లాగీ చేతులు మొద్దుబారాయి. "రయూమత్త నిమిరితే మేకకు బొచ్చూడుతుంది" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "మీ మొగుళ్లను పంపండే, నిమురుతా" అనేది ఆమె.

ఆ వానల్లేని వేసవిలో, గోడల పట్నం రాజు దగ్గర సేన నడిపే దళవాయి సిపాయిలతో వచ్చాడు. దారి తప్పి, నాలుక పిడచగట్టి, బావి దగ్గర కూలబడ్డాడు. రయూమా మూడు దోసిళ్లు పోసింది. ఆ తర్వాతే పేరు అడిగింది.

ప్రాణం లేచొచ్చాక దళవాయి చెప్పాడు. "మా గోడ పనిలోంచి బానిసలు పారిపోతున్నారు. ఇకనుంచి ముందు పేరు, ఊరు అడగండి. బానిసైతే నీళ్లు పొయ్యొద్దు. పోశారా, బావి పూడ్పిస్తా."

దళవాయి బావి దగ్గరే కాపు కూర్చున్నాడు. డేరాల పెద్ద హదారు రయూమా దగ్గరికి వచ్చాడు. "అత్తా, ఒక్క మాట అడిగితే మన సొమ్మేం పోయింది? బావి పూడితే మంద చచ్చిపోతుంది."

"మూడు దోసిళ్లు తాగనీ. పేరు తర్వాత" అంది రయూమా.

మొదట ఒక ముసలివాడు వచ్చాడు. పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. "పేరడుగు" అన్నాడు దళవాయి. "మూడు దోసిళ్లు తాగనీ. పేరు తర్వాత." ముసలివాడు తాగాడు. దళవాయి మోకు తెగనరికాడు. రయూమా తన గొంగడి చీల్చి మోకు పేనింది.

తర్వాత చంటిబిడ్డతో ఒక తల్లి వచ్చింది. "పేరడుగు." "మూడు దోసిళ్లు తాగనీ. పేరు తర్వాత." తల్లి తాగింది. దళవాయి ఆ మోకును మంటలో వేశాడు. రయూమా డేరా డేరాకూ తిరిగింది. ఆడవాళ్లు ఈసారి నవ్వలేదు. తలా ఒక పేలిక తమ డేరా అంచునుంచి చింపి ఇచ్చారు.

మూడోసారి వచ్చినవాడి కాళ్లకు సంకెళ్ల పుళ్లున్నాయి. ఎవరో అందరికీ తెలిసిపోయింది. దళవాయి కత్తి రయూమా మెడమీద పెట్టాడు.

"ఇప్పుడడుగు, ముసలిదానా!"

"నువ్వొచ్చిననాడు నేనడిగానా అయ్యా? అడిగుంటే చెప్పడానికి నీకు నాలుక ఎక్కడ తిరిగేది?"

అతని సిపాయిలే కిసుక్కున నవ్వారు. రయూమా ఒక దోసిలి పోసింది. రెండో దోసిలి పోసింది. మూడోదానికి చేద వంచుతుండగా దళవాయి ఆమెను నరికేశాడు.

హదారు లేచి వచ్చాడు. చేద ఎత్తి మూడో దోసిలి తనే పోశాడు. "పూడ్చుకోరా నీ బావి" అన్నాడు. ఆడవాళ్లు చేతుల్లో డేరా గుంజలతో వచ్చి నిలబడ్డారు. దళవాయి చుట్టూ చూసి గుర్రమెక్కాడు.

ఆ పొద్దే వాళ్లు రయూమాను పూడ్చిపెట్టి, డేరాలు విప్పి, సంకెళ్ల మనిషిని వెంటబెట్టుకుని బయల్దేరారు.

ఇప్పటికీ కేదారువాళ్లు ఎవరికైనా నీళ్లు పోస్తే, మొదటి రెండు దోసిళ్లూ మాట్లాడకుండా పోస్తారు. మూడోది పోసేటప్పుడు "ఇది రయూమాది" అంటారు. ఆ తర్వాతే పేరు అడుగుతారు.

వాళ్లు వెళ్లాక రాజు ఆ బావిని రాళ్లతో పూడ్పించాడు. ఇంకో బావి చేరేలోపు మందలో సగం దారిలోనే చచ్చింది. హదారు చిన్న కూతురు కూడా చనిపోయింది.