నొప్పి దాచని గుర్రం

అనగనగా అని మొదలయ్యే కథలకు తేదీ ఉండదు, దీనికీ లేదు. నెమలిగట్టు అనే కొండకోట మాత్రం ఉండేది. దాన్ని ఎవరు కట్టించారని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పేవారు. కొండ కింద పారే కాలువ గురించి మాత్రం అందరిదీ ఒకే మాట: నీరు తక్కువ, పొలాలు ఎక్కువ.

ఆ కాలువ మీద కోట పేరే పెట్టుకున్న నెమలిగట్టు, పక్కనున్న తంగెడుపాడు అనే రెండు ఊళ్ళు బతికేవి. నీటి కోసం తలలు పగలగొట్టుకోవడం మాని, పెద్దలు ఒక పందెం పెట్టారు. ఏటా వేసవి చివర, ఊరికొక పందెగాడు కాలువ గట్టు నుంచి కోట బురుజు దాకా పరుగెత్తాలి. ముందు చేరినవాడి ఊరికి నీటిలో మొదటి వంతు. రెండో వంతు వచ్చేసరికి నారు ఎండిపోవడమూ కద్దు.

నెమలిగట్టులో పందెగాళ్ళు కసరత్తు చేసే గరిడీకి గురువు పోతనాయకుడు. రాజుగారి గుర్రాలను సాకేవాడూ ఆయనే.

ఆ గరిడీలో ఒక ఆచారం ఉండేది. "అలసిపోయాను" అన్నవాడు ఆ రోజంతా గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చేవారి చెప్పులు చేత్తో అందుకోవాలి. ఆచారం చాలా పాతదని అందరూ గొప్పగా చెప్పేవారు. పాతదైనంత మాత్రాన మంచిదేనా అని ఎవరూ అడగలేదు.

నూకన అనే శిష్యుడు మాత్రం అలసిన రోజున తనంత తానే వెళ్ళి గుమ్మంలో నిలబడేవాడు.

"ఏమోయ్ నూకన్నా, చెప్పులు బరువుగా ఉన్నాయా?" అని తోటివాళ్ళు నవ్వేవారు.

"నా కాళ్ళకంటే తేలికే అన్నా, ఇటివ్వు" అనేవాడు.

కొమ్మన అలా కాదు. గురువుకు స్వయానా మేనల్లుడు, ఊరందరి ఆశ. చెప్పులు పట్టడం కంటే చావు మేలనుకునేవాడు.

ఆ ఏడు పందెం దగ్గరపడేకొద్దీ కొమ్మన వేగం తగ్గసాగింది. పోతనాయకుడు అది బద్ధకమనుకున్నాడు. ఒకసారి ఎక్కే కొండను రెండుసార్లు ఎక్కించాడు. అప్పటి నుంచి కొమ్మనకు పొద్దున పడక మీద ఉండగానే, పరుగెత్తి వచ్చినట్టు గుండె కొట్టుకునేది.

"ఒంట్లో ఎలా ఉందిరా?"

"బ్రహ్మాండంగా ఉంది మామా."

వేగం ఇంకా తగ్గింది. గురువు నడుముకు ఇసుక మూట కట్టించాడు. కొమ్మనకు నిద్ర దూరమైంది. జొన్నరొట్టె ముందు పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చునేవాడు.

"అన్నయ్యా, వీడు తిండి మానేశాడు" అంది తల్లి.

"గెలిచాక వాడే తింటాడులే చెల్లెమ్మా" అన్నాడు పోతనాయకుడు.

వేగం మరీ తగ్గింది. రోజుకు రెండుసార్లు చాలదని, మూడోసారి మిట్టమధ్యాహ్నపు ఎండలో కొండెక్కించాడు. ఈసారి కొమ్మనకు మోకాలి కింది ఎముక సలపసాగింది. అతడు దాని చుట్టూ ఎర్రగుడ్డ బిగించాడు. ఇదేమిటని అడిగినవారికి "అందానికి" అని చెప్పాడు.

పందెం నాడు సగం కొండ ఎక్కేసరికి ఆ ఎముక చిట్లింది. కొమ్మన కూలబడ్డాడు. తంగెడుపాడు పందెగాడు తొందరేమీ లేకుండా నడిచి బురుజు చేరాడు.

ఊళ్ళో ఎవరూ గురువును నిందించలేదు. ఎదురుపడితే తలవంచుకుని పక్కకు తప్పుకున్నారు. తిట్టి ఉంటే ఆయన ఏదో ఒక బదులు చెప్పగలిగేవాడు. ఎవరికీ ముఖం చూపలేక గుర్రపుశాలలో దూరాడు.

అక్కడ చుక్క అనే ముసలి గుర్రం ముందరి కాలు పైకెత్తి నిలబడి ఉంది.

"నొప్పిగా ఉందా తల్లీ? తగ్గేదాకా నీకు జీను వేయనులే" అన్నాడు పోతనాయకుడు, అలవాటు కొద్దీ.

అప్పుడు చుక్క మాట్లాడింది. గుర్రాలు మాట్లాడతాయా అని సందేహించేవారు సందేహించవచ్చు, పోతనాయకుడు విన్నాడు.

"నాయకా, మమ్మల్ని ఒకనాడు దౌడు తీయిస్తే మరునాడు మేతకు వదులుతావు. చెమట ఆరేదాకా మెల్లగా నడిపిస్తావు. ఇంత తెలిసినవాడివి, మేనల్లుడి దగ్గర ఎందుకు మరిచావు?"

"మీరు కాలు నొస్తే కుంటుతారు. వాడు నాకు చెప్పలేదే!"

"మాకు నీవు సిగ్గు నేర్పలేదు, కనుక కుంటుతాం. వాడికి నేర్పావు. వాడు దాచాడు."



మరునాడు రాజు సభ తీర్చి, తప్పెవరిదని అడిగాడు.

"కొమ్మనదే ప్రభూ! నొప్పి దాచి ఊరిని ముంచాడు" అన్నాడు మంత్రి.

కర్ర ఊతతో నిలబడ్డ కొమ్మన, అవునన్నట్టు తల వంచాడు. పోతనాయకుడు మాట్లాడకుండా ఉంటే చాలు, నింద తప్పిపోయేది. ఒక్క క్షణం ఆయనకు ఆ మౌనం తీయగా తోచింది. అలా తోచినందుకు మరింత సిగ్గుపడ్డాడు.

"ప్రభూ, దాచినవాడు వాడు. దాచక తప్పకుండా చేసినవాణ్ణి నేను. వేగం తగ్గడం బద్ధకం కాదు, ఒళ్ళు పెట్టుకున్న మొర. అది నా చెవికెక్కలేదు."

"నీ సిగ్గు మన పొలాలను తడపదు నాయకా. వచ్చే ఏటికి ఏం చేస్తావో చూడు" అన్నాడు రాజు.

పోతనాయకుడు ఆ ఆచారాన్ని ఎత్తివేశాడు. శిష్యులు నిద్ర లేచీ లేవగానే వారి నాడి చూసి, అది నెమ్మదిగా ఉన్నవాడినే కొండెక్కించాడు. గట్టిగా శ్రమించిన మరునాడు తేలిక పని చెప్పాడు. బరువునూ దూరాన్నీ కొంచెం కొంచెంగా పెంచి, పందెం దగ్గరపడ్డాక తగ్గించాడు. అలసట దాచడం తెలియని నూకన మరుసటి ఏడు పందెగాడయ్యాడు. అతడు బురుజు మీద నిలబడి వెనక్కి చూస్తే, తంగెడుపాడు పందెగాడు ఇంకా మలుపు దగ్గరే ఉన్నాడు.

జనం గురువును భుజాల మీదికి ఎత్తుకోబోయారు. ఆయన ఒప్పుకోలేదు. గుంపు వెనక, కొద్దిగా కాలీడుస్తూ కొండెక్కి వస్తున్న కొమ్మన ఆయనకు కనిపించాడు. ఆ కాలు ఇక పరుగుకు పనికిరాదు.

కొమ్మన అందరూ చూస్తుండగా ఆగాడు.

"మామా, అలసిపోయాను. కాసేపు కూర్చుంటాను."

పుట్టి బుద్ధెరిగాక అతడు ఆ మాట అనడం అదే మొదలు. పోతనాయకుడు తల ఎత్తలేకపోయాడు. తన పైపంచె తీసి రాతి మీద పరిచి, మేనల్లుణ్ణి కూర్చోబెట్టి, ఆ పక్కనే నేల మీద తానూ కూర్చున్నాడు.

నీతి: అలసటను నేరం చేసిన చోట నొప్పి దాక్కుంటుంది, శ్రమతో పాటు విశ్రాంతినీ గౌరవించిన చోటే బలం పెరుగుతుంది.