బోర్డు లేచే ముందు

ఓబులేసు కట్టిన ప్యాకేజీ మీద ఆపా సంతకం పెట్టలేదు. తప్పుందని చెప్పలేదు, బాగుందనీ చెప్పలేదు. ఇచ్చినప్పటి నుంచీ అది అలాగే పడి ఉంది. అదే అతని బాధ.

ఆపా అంటే అక్క; ఆమె అసలు పేరు రహమతున్నీసా. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయింది. నంద్యాలలో ఒక దర్జీ కొట్టు మీది గదిలో ఉంటుంది. గది నిండా అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డులు. వాటికి కావలసిన ప్రోగ్రాములు సిద్ధం చేసి, ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకునేలా పెట్టడం ఆమె పని. చేయమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతం ఇవ్వరు. ఆ పని నేర్చుకోవడానికి ఓబులేసు అవుకు దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సెక్కి వచ్చేవాడు.

ఆమె అతనికి అప్పగించింది బూట్‌లోడర్. కరెంటు ఇవ్వగానే బోర్డులో ముందుగా మేలుకునే చిన్న ప్రోగ్రాం అది. మిగతావాటిని వెతికి లేపి, తను పక్కకు తప్పుకుంటుంది. అది చెడితే బోర్డు ఇక లేవదు. అందుకే ఒక్కో రకం బోర్డుకూ దాన్ని విడిగా కట్టి, పరీక్షించి, ఎవరైనా తీసి ఎక్కించుకునేలా ప్యాకేజీ చేయాలి. ఆపా సంతకం పడితేనే ఆ ప్యాకేజీ లోకంలోకి పోతుంది.

బూట్‌లోడర్‌కు ఒక అలవాటుంది. లేవగానే తెర మీద ఒక వాక్యం చూపిస్తుంది: 'నిలపాలంటే ఏదైనా కీ నొక్కండి.' రెండు సెకన్లు చూస్తుంది. ఎవరూ నొక్కకపోతే ముందుకు సాగిపోతుంది. లోపల ఏదైనా పాడైనప్పుడు బాగుచేసుకోవడానికి ఉన్న దారి అదొక్కటే.

ఓబులేసు ఆ రెండును సున్నా చేశాడు.

"ఇప్పుడు చూడండి ఆపా, కరెంటు ఇచ్చీ ఇవ్వగానే లేస్తుంది" అన్నాడు ఆ రోజు, మొహం వెలిగిపోతుండగా. "ఇన్నేళ్ళూ ఎవరికీ ఈ ఆలోచన రాలేదు. ప్రతి బోర్డూ ప్రతిసారీ రెండు సెకన్లు ఊరికే కూర్చునేది."

"ఆ వాక్యం తీసేసినావా?"

"లేదు, అలాగే ఉంచినా. వస్తుంది, పోతుంది. దాన్ని ఎవరు చూస్తారులే ఆపా? నేనైతే ఆ కీ నొక్కినవాళ్ళను ఇంతవరకూ చూడలేదు."

ఆపా బోర్డు స్విచ్ ఆపి, "మీ అమ్మ ఆపరేషన్ అయిపోనీ, తర్వాత చూద్దాం" అంది.

ఓబులేసు తల్లికి కళ్ళలో శుక్లాలు. చాన్నాళ్ళుగా మసకలోనే బతుకుతోంది. అతను ఆమెను కర్నూలు తీసుకుపోయి, ఒక కంటికి ఆపరేషన్ చేయించి, కట్టు విప్పేదాకా దగ్గరే ఉన్నాడు. తిరిగి నంద్యాల బస్సెక్కినప్పుడు అతని కడుపు నిండా ఆ కబురే. అది ఎవరికన్నా ముందు ఆపాకే చెప్పాలి. దారి పొడుగునా ఎక్కడ మొదలుపెట్టాలా అని అనుకుంటూనే వచ్చాడు.

మెట్లెక్కి గదిలోకి రాగానే ఆపా తలెత్తింది.

"వచ్చినావా నాయనా? బస్సులో సీటు దొరికిందా?"

"దొరికింది ఆపా, కానీ..." అనేలోపే ఆమె అవతలికి తిరిగి ఒక బోర్డుకు తీగ కలుపుతోంది.

సరే, పనిలో ఉంది అనుకున్నాడు. కొంతసేపటికి ఆమె స్టవ్ దగ్గర నుంచి, "టీలో చక్కెర తగ్గించనా?" అంది. అతను నోరు తెరిచేలోపే గ్లాసులో పోసేసింది. పాకంలా ఉన్న ఆ టీ ఓబులేసు మాట్లాడకుండా తాగాడు. ఇన్నాళ్ళలో ఆపా అతని గ్లాసు విషయంలో ఎప్పుడూ పొరపడలేదు.

ఇంకాసేపటికి ఆమె అతని ఎదుటికొచ్చి నిలబడింది.

"అమ్మ కన్ను ఎట్లుంది నాయనా?"

ఓబులేసు మొహం విచ్చుకుంది. చెప్పబోయాడు. ఆపా అప్పటికే గడప దాటి, ఆరేసిన బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్ళిపోయింది.

ఆమె బట్టల మూటతో తిరిగొచ్చేసరికి ఓబులేసు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఆపా, ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దు."

"అడుగు."

"జవాబు వినేదాకా నిలబడలేనప్పుడు అసలు అడగడం ఎందుకు?"

ఆపా బట్టలు మంచం మీద పెట్టి, బల్ల దగ్గరికి వెళ్ళి, అతని ప్యాకేజీ ఎక్కించిన బోర్డుకు స్విచ్ వేసింది. తెర మీద ఆ వాక్యం వచ్చింది. చదివేలోపే పోయింది.

ఆమె స్విచ్ ఆపి మళ్ళీ వేసింది. వాక్యం వచ్చింది, పోయింది.

కింద దర్జీ కొట్టులో మిషను చప్పుడు పైదాకా వినిపిస్తోంది. ఓబులేసు తల దించుకున్నాడు.

ఆపా ఒక స్టూలు అతని ముందుకు జరిపి, తను మంచం అంచున కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. అమ్మ కన్ను ఎట్లుంది?"

అతను ఎక్కడ మొదలుపెట్టాలో అనుకున్నదంతా మరిచిపోయాడు. ఆపా కదలకుండా అతని మొహం వైపే చూస్తూ కూర్చుంది.

"కట్టు విప్పంగానే నా మొహమే చూసింది ఆపా" అన్నాడు చివరికి. "చాలాసేపు చూసింది. నేనేమో ఏడుస్తుందేమో అనుకున్నా. 'ఏందిరా, ఇంత సన్నబడినావు? ఆ నంద్యాల్లో ఎవరూ తిండి పెట్టడం లేదా నీకు?' అనింది."

ఆపా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఓబులేసుకూ నవ్వొచ్చింది. ఆమె లేచి గిన్నె మూత తీసి, అతని పళ్ళెంలో పప్పన్నం పెట్టి, నెయ్యి వేసి, చాలనేదాకా వేస్తూనే ఉంది.

అతను తిని చేయి కడుక్కుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆపా అతని వెనక నిలబడింది.

"మనలాగా ఈ ప్యాకేజీలు కట్టేవాళ్ళకు రాసినా నాయనా. వాళ్ళలో పెద్దవాళ్ళంతా ఒప్పుకున్నారు. ఇకమీదట నువ్వు కట్టినదాని మీద నీ సంతకం చాలు, నాది అక్కర్లేదు."

ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె తెర వైపు చూడమన్నట్టు గడ్డం ఎత్తింది. అతను ఆ సున్నాను చెరిపేసి, వేళ్ళు కీబోర్డు మీదే ఉంచి ఆగాడు.

"ఎంత పెట్టమంటారు ఆపా? ఇదివరకట్ల రెండు చాలా?"

"ఆ కీ నొక్కేవాళ్ళకు అప్పటికే ఏదో చెడిపోయుంటుంది నాయనా" అంది ఆపా. "చేతులు వణుకుతుంటాయి."

ఓబులేసు ఐదు పెట్టి, సంతకం చేశాడు.