తుమ్మెదబోడు మీద చాటింపు

నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధం ఉందని ఎవరైనా నిరూపిస్తే, ఈ మీసం ఇక్కడే, ఇప్పుడే గొరిగించుకుంటాను. ఏదీ, ముందుకు రండి! ఎవరూ లేరా? నాకు తెలుసు. అయితే నోరు మూసుకుని వినండి.

రుద్రమేఘ భూపాలుడికి తాంబూలప్పెట్టె మోసిన సింగన్నను నేనే. నేను చుట్టిన ఆకు వేసుకుంటే పొరుగు రాజులు యుద్ధం సంగతి మరిచిపోయి, ఇంకో రెండు ఆకులు అడిగి పట్టుకెళ్లేవారు. సరే, అది వేరే కథ.

ఆ ఏడు చలి ఎలాంటిదంటారు! సభలో కవిగారు పద్యం ఎత్తుకుంటే మా పళ్లు టకటకలాడి, అదే తాళమయ్యేది.

ఆ చలిలో ఒక బైరాగి వచ్చి, నల్లరాయి ఒకటి కుంపట్లో పడేశాడు. రాయి భగ్గుమంది! రాక్షసి బొగ్గట. తుమ్మెదబోడు కింద గుట్టలు గుట్టలుగా ఉందట.

రాజుగారు సింహాసనం మీదే గంతేశారు. "ఇక మాకు రోజుకు మూడుసార్లు వేడినీళ్ల స్నానం! తవ్వండి!"

అయితే తుమ్మెదబోడు అనే ఆ గుట్ట ఊరుమ్మడి మేతభూమి. అలాంటి నేలను గుత్తకివ్వాలంటే ముందు దాన్ని కళ్లారా చూడాలి, దాన్ని నమ్ముకున్న జనాన్ని చాటింపు వేసి అడగాలి, ఆ తర్వాతే రాజముద్ర. రాజుగారి తాతగారు పెట్టిన కట్టడి అది.

"ఆ పని నాకొదిలేయండి ప్రభూ" అని లేచాడు రాజ్యంలో భూముల వ్యవహారాలు చూసే పెగ్గడ మార్తాండయ్య. ఆయన తలపాగా ఎంతదంటే, ముందు అది సభలోకి వచ్చేది, కాసేపటికి ఆయన వచ్చేవాడు. గుత్త ఎవరికి దక్కేలా ఉందో తెలుసా? ఆయన బావమరిదికి.

మర్నాడే తిరిగొచ్చాడు. "చూశాను ప్రభూ. అడిగాను ప్రభూ. వద్దన్నవాడు ఒక్కడూ లేడు."

"భేష్! ఎల్లుండి ముద్ర వేస్తాం" అన్నారు రాజుగారు.

ఆ సాయంత్రమే కొమురవ్వ నా గుమ్మం ముందు కూలబడింది. బోడు మీద గొర్రెలు మేపుకుని బతికే మనిషి.

"సింగన్నా, బోడు తవ్వితే నా జీవాలు ఏడ మేయాలె? కింద వాగుల మసి దిగితే మేమేం తాగాలె? రాజుకాడ ఉంటవు, ఒక్క మాట చెప్పరాదా బిడ్డా!"

"చాటింపు వేసినప్పుడు నోరెందుకు తెరవలేదవ్వా?"

"ఏం చాటింపు? నిన్న అంగడి. ఊరు ఊరంతా అంగట్లనే ఉంటిమి. బోడు మీద నా పొట్టేలు తప్ప పురుగు లేదు!"

డప్పు కొట్టిన ఓబయ్యను పట్టుకుని నిలదీశాను.

"నిజమే సింగన్నా! మిట్టమధ్యాహ్నం బోడెక్కి మూడుసార్లు అరిచాను. పెగ్గడగారు పల్లకీ తెర కూడా తీయలేదు. 'ఎవరైనా ఉన్నారా?' అని లోపలి నుంచే అడిగాడు. 'పొట్టేలుంది, ఈగలకు తల ఊపుతోంది' అన్నాను. 'తల ఊపిందా? అయితే సమ్మతే, పద!' అన్నాడు."

నేను పెట్టె చంకన పెట్టుకుని రాజుగారి దగ్గరికి వెళ్లాను.

"ప్రభూ, బోడు చాలా దూరం. కోట పక్కనే ఒక తోట ఉంది, అక్కడా నల్లరాయి తగులుతుందేమో! పెగ్గడగారు అడిగిన పద్ధతిలోనే అడిగి, తవ్వి చూడమంటారా?"

రాజుగారు దుప్పట్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టారు. "అడుగు! తవ్వు! తొందరగా!"

మర్నాడు మిట్టమధ్యాహ్నం నేనూ ఓబయ్యా బోడెక్కాం. నేను అరిచిన అరుపుకు పక్క రాజ్యంలో ఆవులు పాలు చేపేశాయి.

ఇక ముద్ర వేసే రోజు. సభ నిండిపోయింది. లక్క కరుగుతోంది. కొమురవ్వ స్తంభం పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు మార్తాండయ్య, తలపాగా లేకుండా! ఆయనకు బట్టతల అని రాజ్యానికి ఆ రోజే తెలిసింది.

"ప్రభూ! దొంగలు! పలుగులు, పారలు పట్టుకుని కోట పక్క నా తోటలో మల్లెపందిరి తవ్వేస్తున్నారు! మట్టంతా నా మంచినీళ్ల బావిలో పడుతోంది!"

"దొంగలు కాదండీ, నేను పెట్టిన కూలీలే" అన్నాను, ఆకుకు సున్నం రాస్తూ. "చాటింపు వేసి మరీ అడిగాం. తమరు వద్దనలేదు."

"నన్నెవడడిగాడ్రా? ఎప్పుడడిగాడు? ఎక్కడడిగాడు?"

సభంతా నా వైపు తిరిగింది. నేను తొందరపడలేదు. ఆకు మడిచాను, లవంగం గుచ్చాను, అప్పుడన్నాను:

"మీరు అడిగిన చోటే అడిగాం స్వామీ! మీరు అడిగిన వేళకే, మీరు అడిగిన పొట్టేలునే!"

"పొట్టేలేమిటి?" అన్నారు రాజుగారు.

ఓబయ్య ముందుకొచ్చి మొత్తం కక్కేశాడు. "రెండుసార్లూ తల ఊపింది ప్రభూ" అని చివర్లో కలిపాడు కూడా.

"నా ఇంటి సంగతి ఆ పొట్టేలుకేం తెలుసు!" అని గొంతు చించుకున్నాడు మార్తాండయ్య.

స్తంభం పక్క నుంచి కొమురవ్వ అంది: "మరి మా వాగు సంగతి దానికెట్ల తెలుసు దొరా?"

రాజుగారు మొదలుపెట్టారు చూడండి నవ్వడం! కోట మీది పావురాలు లేచిపోయి, పండక్కి గానీ తిరిగి రాలేదు. సభంతా పొట్టలు పట్టుకుంది. పెగ్గడ బావమరిది మాత్రం చల్లగా తలుపు వైపు జరిగాడు.

"లక్క తీసేయండి!" అన్నారు రాజుగారు కళ్లు తుడుచుకుంటూ. "ఊళ్లో, జనమంతా ఇంటికి చేరాక, మళ్లీ అడగాలి. వాళ్లు వాగు చూపిస్తే వాగు చూడాలి. వద్దంటే వద్దే, మేము చన్నీళ్లే పోసుకుంటాం. ఆ డప్పు పెగ్గడ మెళ్లో వేయండి, కొట్టేది ఆయనే!"

తను కప్పుకున్న పట్టు శాలువా తీసి నా భుజాల మీద వేసి, వణుకుతూనే ఇంకోసారి నవ్వారు.

ఏమిటా చూపు? నమ్మకం కుదరలేదా? అయితే సాక్షి పేరు చెబుతాను, వెళ్లి అడగండి. కొమ్ములరాయుడు. తుమ్మెదబోడు మీదే మేస్తుంటాడు. ఏమడిగినా తల ఊపుతాడు.