భద్రం మాస్టారు పెంచిన శ్రుతి

నరసింహయాజులు గారిని ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పరు. "ముందు శ్రుతి పెట్టు" అంటారు. రాగలక్షణం అడగడానికి వచ్చినవాళ్లకైనా, ఇంట్లో కోడలితో పడటం లేదని చెప్పుకోవడానికి వచ్చినవాళ్లకైనా అదే మాట. సామర్లకోటలో ఆయన దగ్గర సంగీతం నేర్చుకునే వాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. "కష్టం చెప్పుకుందామని వస్తే పాట పాడిస్తాడేమిటండీ ఈ మహానుభావుడు!" అని గుమ్మం దిగాక గొణుక్కునేవాళ్లూ ఉన్నారు. అయినా మళ్లీ వస్తారు.

ఆయన ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. కొత్తగా చేరినవాళ్ల చేత వెంటనే సరళీ స్వరాలైనా మొదలుపెట్టించరు. ఎదురుగా కూర్చోబెట్టుకుని వానల గురించీ, కూరగాయల ధరల గురించీ మాట్లాడిస్తారు. ఆ మాటల్లో గొంతు ఎక్కడ సుఖంగా కూర్చుంటోందో విని, శ్రుతి పెట్టె మీద మీట అక్కడికి తిప్పి, "ఇదీ నీ ఇల్లు" అంటారు. తరువాత దాన్ని మార్చమని ఎంత బతిమాలినా మార్చరు.

నలభై దాటాక ముచ్చటపడి సంగీతంలో చేరిన వీరభద్రం గారికి ఒకటిన్నర శ్రుతి కుదిరింది. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. మగవాడి గొంతుకి ఒకటిన్నర ఏమంత తక్కువా కాదు. కానీ ఆయనకంటే ముందు చేరిన శిష్యుడొకడు మూడు శ్రుతిలో ఖంగుమని పాడతాడు. అతను పాడుతుంటే వీధిన పోయేవాళ్లు ఆగి మరీ వింటారు. ఆ ఆగడం చూసినప్పుడల్లా మాస్టారి ప్రాణం ఉసూరుమనేది. "గురువుగారూ, నాకూ కాస్త పెంచకూడదూ?" అని వీలు చిక్కినప్పుడల్లా అడిగేవారు. యాజులు గారు నవ్వి ఊరుకునేవారు.

శ్రావణంలో ఒక సాయంత్రం మాస్టారు పాఠానికి రావడమే వేలాడేసిన మొహంతో వచ్చారు. తంబురా పక్కన చతికిలబడి, ఉత్తరీయంతో మెడ తుడుచుకుని, తన గోడంతా వెళ్లబోసుకున్నారు.

సంగతేమిటంటే, ఆయన కొడుకు సుహాస్ ఆ ఏడు ఇంటర్ గట్టెక్కి ఎంసెట్ రాశాడు. మొద్దబ్బాయి కాడు, అలాగని గొప్ప ర్యాంకూ రాలేదు. నలుగురిలో చెప్పుకోవడానికి లేదు, దాచుకోవడానికీ లేదు, అలాంటి ర్యాంకు. ఆ విషయం అందరికంటే ముందు వాడికే తెలుసు. "కాలవ అవతలి కాలేజీలో సివిల్ తీసుకుంటాను నాన్నా" అన్నాడు, ఏమాత్రం చిన్నబోకుండా. చిన్నప్పటి నుంచీ వాడికి కాలవ లాకులంటే పిచ్చి. అంతంత తలుపులు నీటి బరువుని ఎలా ఆపుతాయా అని గట్టున గంటలకొద్దీ నిలబడేవాడు. ఎవరూ చెప్పకుండానే సైకిలేసుకుని వెళ్లి ఆ కాలేజీ చూసొచ్చాడు. అక్కడ సిమెంటు దిమ్మల్ని యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతారట. ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ తల్లికి అదే కబురు. పప్పులో చెయ్యి పెట్టి మరిచిపోయి మరీ చెప్పాడు. ఆ తల్లి ఉషారాణికి సిమెంటు గొడవ అర్థం కాకపోయినా, పిల్లవాడు ఇంటిపట్టున ఉండి తింటాడు కదా అని సంబరపడింది.

ఇక మన మాస్టారు ఏం చేశారో వినండి. ఊళ్లో ఎవరి పిల్లలకి కాలేజీ ఆప్షన్లు పెట్టాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు. ర్యాంకు చూసి, "పైన ఒకటి రెండు ఆశకి పెట్టండి. మధ్యలో మీ వాడి స్థాయివి పెట్టండి. అడుగున తప్పకుండా వచ్చేవి పెట్టడం మాత్రం మరిచిపోకండి" అని ఎంత చక్కగా చెప్పేవారో! పైవాటిలో సీటు రాకపోతేనే కంప్యూటరు కిందికి చూస్తుందని, కాబట్టి చిన్నవి పెడితే నష్టమేమీ లేదని, ఓపిగ్గా పదిసార్లు విడమర్చేవారు. తన కొడుకు దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏ గంగలో కలిసిందో తెలియదు. కాలవ అవతలి కాలేజీ పేరు అడుగునైనా కనబడితే చాలు, కంప్యూటరు దాన్నే పట్టుకుని పిల్లవాడికి అంటగడుతుందని ఒక భయం పట్టుకుంది. పైగా స్టాఫ్ రూములో ఏం చెప్పుకోవాలి? పేరు చెబితే ఎదుటివాళ్లు కనుబొమలెగరేసే కాలేజీలే వరసగా పెట్టుకుంటూ పోయారు.

"నాన్నా, అడుగున అదొక్కటీ పెట్టండి" అన్నాడు సుహాస్, వెనకాల నిలబడి.

"నోర్ముయ్. నీమీద నీకే నమ్మకం లేకపోతే ఎవరికుంటుందిరా?" అన్నారు మాస్టారు.

మొదటి విడతలో సీటు రాలేదు. ఎక్కడా రాలేదు. వాడికంటే వెనకబడ్డవాళ్లు ఇద్దరు ముగ్గురు కాలవ అవతల సివిల్లో చేరి, అప్పుడే బస్ పాసులు కూడా చేయించుకున్నారు. సుహాస్ ఏడవలేదు, తండ్రిని ఒక్క మాటా అనలేదు. అన్నం పెడితే తింటున్నాడు, పెట్టకపోతే అడగడం లేదు. అంతే.

"రెండో విడత రేపటితో ఆఖరండీ" అన్నారు మాస్టారు. "పెద్ద కాలేజీల్లో ఎవరైనా మానుకుంటే ఖాళీలు వస్తాయి కదా. మళ్లీ అవే పెట్టి చూద్దామని ఉంది. వాణ్ణి అడిగితే మీ ఇష్టం అంటున్నాడు. గురువుగారూ, కన్నకొడుక్కి పెద్దది కోరుకోవడం తప్పంటారా? మీరొక్క మాటంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

"ముందు శ్రుతి పెట్టు" అన్నారు యాజులు గారు.

మాస్టారు నిట్టూర్చి పెట్టె ముందుకి జరుపుకున్నారు. ఆయన చెయ్యి మీట మీదికి వెళ్లేలోగా గురువుగారు మళ్లీ అన్నారు: "ఇవాళ నీకెక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో."

మాస్టారు నమ్మలేనట్టు చూశారు. అన్నాళ్లుగా బతిమాలినా దొరకనిది అడక్కుండా దొరికితే ఎవరికి మాత్రం సంతోషంగా ఉండదు! కొడుకు సంగతి ఆ క్షణాన కాస్త మరుపున పడిందంటే ఆయన్ని తప్పుపట్టకండి. మీట తిప్పి మూడు దగ్గర ఆపారు. మోహనలో బాగా వచ్చిన వర్ణం ఎత్తుకున్నారు.

మొదట బాగానే ఉంది. కిటికీలోంచి ఎవరో తొంగిచూస్తే మాస్టారికి ఇంకాస్త ఊపొచ్చింది. చరణంలో పై స్వరాలు రాగానే గొంతు జీరపోయింది. ఆగి గురువుగారి వంక చూశారు. "కానీ" అన్నారాయన. ఈసారి మాస్టారు మెడనరాలు పొంగేలా పట్టారు. స్వరం అందినట్టే అంది చీలిపోయింది. "ఇక చాలేమో" అన్నారు గురువుగారు. మాస్టారికి రోషం వచ్చింది. చాలదంటూ మూడోసారి ఎత్తుకున్నారు. అరుపు మిగిలింది కానీ పాట మిగల్లేదు. కిటికీ దగ్గర మనిషి ఎప్పుడు వెళ్లిపోయాడో ఆయన చూడనే లేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, కళ్లమ్మట నీళ్లు కారాయి.

యాజులు గారు లేచి మంచినీళ్లు తెచ్చిచ్చారు. ఆయన తాగేదాకా ఆగి, మీటని తనే వెనక్కి, ఒకటిన్నర దగ్గరికి తిప్పారు.

"ఇప్పుడు నీ ఇంట్లో పాడు."

మాస్టారు షడ్జం పట్టబోయారు. రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ పట్టారు. బొంగురు గాలి వచ్చింది, స్వరం రాలేదు. నిన్న సాయంత్రం ఇదే చాపమీద కూర్చుని, కళ్లు మూసుకుని, హాయిగా పాడిన షడ్జం అది. ఇంకోసారి ప్రయత్నించి, చెయ్యి గొంతుమీద పెట్టుకుని ఊరుకుండిపోయారు. శ్రుతి పెట్టె మాత్రం పలుకుతూనే ఉంది.

"ఇదేమిటండీ" అన్నారు చివరికి, గుసగుసలా. "అది నాది కాదు, రాకపోతే పోయింది. నాది నాకెందుకు పలకడం లేదు?"



అప్పుడు వీరభద్రం మాస్టారికి పప్పులో చెయ్యి పెట్టి మరిచిపోయిన పిల్లవాడు గుర్తొచ్చాడు. సిమెంటు దిమ్మ ఎంత బరువుకి పగులుతుందో చెబుతూ వాడి కళ్లు ఎంత పెద్దవయ్యాయో గుర్తొచ్చింది. ఇవాళ పొద్దున అదే పీటమీద కూర్చుని, తలెత్తకుండా, "మీ ఇష్టం నాన్నా" అన్నవాడు కూడా వాడే. ఆ మాటని మాస్టారు అప్పుడు వినయం అనుకున్నారు, కాస్త సంతోషించారు కూడా. ఇప్పుడది వినయంలా తోచలేదు. అయ్యో, ఎంత పని చేశాను, వాడి నోట్లో మాట నేనే కదా మింగేశాను అనుకున్నారు. ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పెద్ద మనిషి, పదిమంది పిల్లలకి దారి చెప్పిన మనిషి, చంటిపిల్లాడిలా వెక్కిళ్లు పెట్టారు.

యాజులు గారు శ్రుతి పెట్టె ఆపేశారు. బయట చీకటి పడకుండానే చినుకులు మొదలయ్యాయి. మాస్టారు మొహం తుడుచుకుని లేచారు. గుమ్మం దాకా వెళ్లి, చెప్పుల్లో కాళ్లు పెట్టబోతూ ఆగారు.

"గురువుగారూ, కాలవ అవతలి కాలేజీలో సివిల్ సీట్లు ఒకటో రెండో ఇంకా ఉన్నాయంటున్నారు. ఈసారి దాన్నే మొదట పెట్టేస్తానండీ. వచ్చినా వస్తుంది. మరి వాడు మళ్లీ మునుపటిలా మాట్లాడతాడంటారా?" అన్నారు బొంగురు గొంతుతో.

యాజులు గారు ఆయన భుజమ్మీద చెయ్యి వేశారు.

"పెట్టవయ్యా. కానీ వాణ్ణి వెంటనే పాడమని అడక్కు."