ఉప్పుపాయ కింద రోకలిబండ రైలు

సముద్రం అడుగున రెండు రాజ్యాలను కలుపుతూ రైలు దారి వేయించిన మొట్టమొదటి గోరింకను నేనే. అంటే, వేయించలేదనుకోండి. వేస్తుంటే చూశాను. అదీ లోపలికి దిగి కాదు, బయట మట్టిదిబ్బ మీద కూర్చుని. ఆ దారి కూడా... సరే, వరసగా చెప్తాను.

మాది సరుగుడు తోపు. ముందు ఉప్పుపాయ, పాయకు అవతల లంక. ఇదివరకు రెండింటి మధ్యా ఇసుకమేట ఉండేది. ఎలుకలు సైతం కాళ్లు తడవకుండా వెళ్లొచ్చేవి. కిందటి కార్తీకంలో తుఫానొచ్చి ఆ మేటను మింగేసింది. తోపుకి పెద్ద నక్క భూషయ్య, లంకకి పెద్ద ఉడుము సన్యాసి. ఒకరి రాజ్యంలో ఇంకొకరి మాట చెల్లదు.

మేట పోయిందని అందరికంటే ఎక్కువ ఏడ్చింది ముసలి ఎలుక అచ్చాయమ్మ. కూతురు నూకాలు లంకలో కాపురం చేస్తోంది. తొలిచూలు. పురుడు పోయడానికి తల్లి బయల్దేరుదామనుకున్న వారమే దారి తెగింది.

ఒకరోజు భూషయ్య సరుగుడు మొద్దెక్కాడు.

"ఏడవకు అచ్చాయమ్మత్తా! పాయ మీద దారి పోతే పాయ కింద వేద్దాం. సగం మనం, సగం లంకవాళ్లు. సన్యాసితో మాట్లాడేశా. బొరియలో రోకలిబండ పురుగుల్ని ఒకదాని వెనక ఒకటి కట్టి, తాటాకు పెట్టెలు తగిలించామనుకో, అదే రైలు! పొద్దున ఎక్కి, మనవల్ని ముద్దాడి, సాయంత్రానికి వచ్చెయ్."

"నక్క ఎక్కడ, నాగలోకం ఎక్కడ!" అన్నాడు బురదలోంచి పీత గున్నయ్య.

"మరి ఖర్చో బాబూ?" అంది అచ్చాయమ్మ.

"కంకికో వాటా. రైలు తిరగడం మొదలయ్యాక వాటాకి ఏటా రెండు కంకులు."

వాటాకి గుర్తుగా తాటాకు ముక్క మీద గోటితో ఒక గీత గీసి ఇచ్చాడు. పదింట ఒక కంకి తన పెత్తనానికట. నక్కకి కంకులెందుకు అంటారా? కంకులు నక్క తినదు. కంకులు తినే కోళ్లను తింటుంది.

తవ్వకానికి పందికొక్కు గంగులు ముఠా దిగింది. కూలి దగ్గర బేరం మొదలైంది.

"ఎంత తవ్వారో లోపలికొచ్చి కొలుచుకోండి దొరా," అన్నాడు గంగులు.

భూషయ్య తన తోక వంక చూసుకున్నాడు. మా తోపులో అంత కుచ్చు తోక ఇంకెవరికీ లేదు. "ఆ బురదలోకి నేనెందుకు? బయట దిబ్బ ఎంత లేస్తే అంత కూలి. మూరకి యాభై కంకులు."

"దిబ్బ లేస్తే చాలా?"

"చాలు."

గంగులు మీసాలు ఒక్కసారి కదిలాయి.

పందికొక్కు మొద్దని లోకం అంటుంది. మొద్దే గాని, కూలి దగ్గర కాదు. పాయ కిందికి పోయేకొద్దీ రాళ్లు, వేళ్లు, ఊటనీళ్లు. బొరియ మూతి దగ్గరేమో మెత్తటి ఇసుక. ముఠా మూతినే వెడల్పు చేసింది, ఇంకా వెడల్పు చేసింది. మాఘానికల్లా దిబ్బ మొగలిపొద ఎత్తుకి లేచింది.

అవతలా అదే తంతు. సన్యాసి కూడా దిబ్బకే కూలి పెట్టాడు. లంకవాళ్లు మన దిబ్బ చూసి, మనవాళ్లు లంక దిబ్బ చూసి, "అమ్మో, వాళ్లు మనల్ని మించిపోతున్నారు" అని మళ్లీ కంకులు తెచ్చారు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఇక్కడ ఎలుకను ఒలిచి కొండను కట్టారు.

నా పని కబుర్లు మోయడం. మా వాడలో మంచి కబురు తెచ్చినవాడి నోరు తీపి చేయడం ఆచారం. నాకు తీపి అంటే గుప్పెడు గింజలు. చెడ్డ కబురుకి ఏమీ ఉండదు.

"ఎంతవరకొచ్చింది నాయనా?" అని అచ్చాయమ్మ రోజూ అడిగేది.

"వచ్చేసింది అమ్మమ్మా! నీ మనవలు అవతల రైలుకి జెండా కూడా కుట్టేస్తున్నారు!"

"చాల్లే, వేళాకోళం," అని నవ్వి గింజలు పెట్టేది.

ఫాల్గుణంలో గున్నయ్య ఆమెను ఆపాడు. "అచ్చాయమ్మక్కా, ఇంక కంకులివ్వకు. నేను రోజూ పాయ అడుగున నడుస్తా. నా కాళ్ల కింద ఒక్క గీకుడు కూడా వినపడలేదు."

"అడ్డంగా నడిచేవాడివి, తిన్నటి దారి గురించి నీకేం తెలుసోయ్!" అన్నాడు గంగులు. తోపంతా నవ్వింది. అందరికంటే పైకి వినపడింది నా నవ్వే.

జ్యేష్ఠానికి అచ్చాయమ్మ బొరియలో తాటాకు ముక్కలే మిగిలాయి. చేలలో ఏరుకుందామంటే కంకి లేని కాలం. ఆషాఢ పున్నమి పొద్దున నన్ను పిలిచింది. డొక్కలు లోపలికి పోయాయి.

"ఇంకెంత దూరం నాయనా?"

"బెత్తెడు అమ్మమ్మా, బెత్తెడే!"

అరచేతిలో ఉన్న నాలుగు గింజలూ నాకే పెట్టింది. మనవల కోసం దాచిన ఒకే ఒక్క కంకిని వీపున కట్టుకుని, రైలు కోసం ఆగకుండా మూతిలోకి నడిచింది. గున్నయ్య కంగారుగా వెనకే వెళ్లాడు. తర్వాత జరిగింది అతను చెప్పిందే.

మూతి ఏనుగు పట్టేంత ఉందట. పది అడుగులు వేయగానే గోడ. అచ్చాయమ్మ గోడకి చెవి ఆనించింది.

"హుష్! అవతల నూకాలు గీకుతోంది. వినపడుతోంది."

"అది నీళ్ల చప్పుడక్కా. పోటు లేస్తోంది, పద."

"నువ్వు పో తమ్ముడూ. బెత్తెడే కదా, నేనే తవ్వుకుంటా."

చిన్న బొరియ అయితే పోటు దాని మానాన అది పోయేదేమో. గంగులు దానికి వాకిలి తీసి పెట్టాడు. పున్నమి పోటు తిన్నగా లోపలికొచ్చింది. గున్నయ్య ఎంత లాగినా ఆమె గోడను వదల్లేదట. నీళ్లు వెనక్కి తీశాక అతను బయటికి తెచ్చింది ఆ కంకి ఒక్కటే. గింజ రాలలేదు.

అప్పుడు భూషయ్య మొదటిసారి లోపలికి దిగాడు. గోడ చూశాడు. బయటికొచ్చి గంగులు మీద విరుచుకుపడ్డాడు.

"ఇదేనట్రా దారి?"

"మీరు దిబ్బ అడిగారు దొరా. దిబ్బ ఇచ్చాం," అన్నాడు గంగులు, తొణక్కుండా.

వాటాదారులంతా తాటాకు ముక్కలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. అదే భరించలేకపోయినట్టున్నాడు భూషయ్య, బురద తోకను ఈడ్చుకుంటూ ఆ పూటే తోపు విడిచిపోయాడు. పెత్తనం కంకులు మేసి బలిసిన కోళ్లు ఇంకా అక్కడే తిరుగుతున్నాయి. దిబ్బ కూడా ఉంది.

నీతి: దిబ్బకు కూలి ఇస్తే దిబ్బే పెరుగుతుంది గాని, దారి పెరగదు.

కథ ఇక్కడితో ఆపొచ్చు. కానీ ఒకటి మిగిలిపోయింది. మాఘంలోనే లంకలో నూకాలు, నలుగురు పిల్లల్ని పక్కన పెట్టుకుని, నాతో ఒక మాట పంపింది: "ఇక్కడా ఉత్త దిబ్బేనని అమ్మకి చెప్పు. కంకులివ్వొద్దను. తన తిండి తను దాచుకోమను. మేట మళ్లీ వేశాక నేనే పిల్లల్ని తీసుకొస్తాను." రెక్కలు అయిదుసార్లు ఊపేంత దూరం. వచ్చాను. ఆ మాటకి గింజలు రావు కదా, అందుకని అచ్చాయమ్మకి చెప్పలేదు.

నిన్న లంకకి వెళ్తే నూకాలు అడిగింది, "అమ్మకి నా మాట చెప్పావా? తింటోందా?"

"చెప్పాను. తింటోంది," అన్నాను.

సంతోషంగా గుప్పెడు గింజలు పెట్టింది. తిన్నాను.