జున్నుపాలూ, జోరీగ నాలుకా

గేదె ఈనిన కొష్టానికీ పెళ్ళివారింటికీ పెద్ద తేడా లేదండీ. పనిచేసేవాళ్ళు ఒకరిద్దరు, సలహాలు చెప్పేవాళ్ళు ఊరంతా.

రామతులశమ్మ కొష్టంలో తొలిచూలు గేదె కాటుక తెల్లవారుతుండగా ఈనింది. పెయ్యదూడ. ఒళ్ళంతా తడి, ముఖం నిండా చెవులు. తల్లి నాకుతుంటే తూలుతూ లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. పక్క గుంజకు కట్టేసిన ముసలి ఎద్దు బసవయ్య నెమరు ఆపి మరీ చూస్తున్నాడు. మేక మంగి తన పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, "వదినా, అచ్చం నీ పోలికేనే! ముక్కు మాత్రం బాగుంది" అని మేలమాడింది.

ఇక పిల్లి సంగతి. దాన్ని అందరూ పిల్లత్త అంటారు. ఆ ఇంట్లో ఏ గేదె ఈనినా జున్ను గిన్నె అడుగు నాకే హక్కు తనదేనని దాని నమ్మకం. ఆ పొద్దున వంటింటి గడప మీద పడుకుని ఉండగా, రామతులశమ్మ పొరుగావిడతో అంటున్న మాట చెవినపడింది.

"ఈసారి వీధిలో జున్ను పంచడం లేదమ్మా, ఏమనుకోకండి. మొదటిపాలు దూడ కడుపారా తాగాలని పశువుల డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. అది తాగగా మిగిలితేనే జున్ను."

పిల్లత్త దిగ్గున లేచి కూర్చుంది. గేదెదూడ కడుపారా తాగాక మిగిలేదెంత, గిన్నె అడుగున తనకు అంటేదెంత! దూడ పొదుగు దగ్గరికి పోకపోతే రామతులశమ్మే అన్నీ పితికి పొయ్యెక్కిస్తుంది కదా అని ఆలోచించుకుంది. మీసాలు సర్దుకుని కొష్టంలోకి వచ్చి, గడ్డి వేసే గాడి అంచున కూర్చుని కళ్ళు సగం మూసింది.

"కాటుకమ్మా, సుఖంగా ఈనావు, సంతోషం. నీ మేలు కోరి ఒక్కమాట చెప్తాను. నీ కడుపులోంచి మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వకు."

"ఎందుకత్తా?"

"నీ పాలు చూసుకున్నావుటే? పసుపు కలిపినట్టు, బంకబంకగా. వంటింట్లో నేను కళ్ళారా చూసినదాన్ని. బెల్లమూ మిరియాలూ వేసి పొయ్యి మీద పెడితే కాసేపటికి గడ్డకట్టి, కత్తిపెట్టి కోస్తేగానీ రావు. దూడ కడుపు మాత్రం వెచ్చగా ఉండదూ? లోపలికెళ్ళి గడ్డకడితే ఎవరు కోసి తీస్తారమ్మా?"

అబద్ధమాడేవాళ్ళు అంతా అబద్ధమే ఆడతారనుకోకండి. ముప్పాతిక నిజం పోసి పావు వంతే కలుపుతారు, అందుకే గొంతు దిగుతుంది. తొలి ఈత తల్లి, పాపం దానికేం తెలుసు! దూడ తూలుకుంటూ పొదుగు వెతుక్కుంటూ వస్తే కాటుక ఒళ్ళు జరిపి, కాలితో నెట్టేసింది. "ఆగవే నా తల్లీ, నీ మంచికే" అంది.

మంగి ఊరుకుంటుందా? "ఇదేం చోద్యం వదినా! నా పిల్లలు లేచీ లేవగానే చన్ను పట్టాయి. వాటి కడుపులో ఏ జున్నూ గడ్డకట్టలేదే!"

"మేకపాలకూ గేదెపాలకూ పోలికా?" అంది పిల్లత్త. "ఆ చిక్కదనమెక్కడ, నీ నీళ్ళెక్కడ!"

తన పాలు చిక్కనివంటే ఏ గేదెకు ముద్దు కాదు? కాటుక అదీ నిజమేననుకుంది. అయినా బెంగ తీరక ఎద్దు వైపు తిరిగి, "తాతా, నువ్వైనా చెప్పు" అని అడిగింది.

"ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టమన్నారట వెనకటికి" అన్నాడు బసవయ్య. "ఈతలూ పాలూ నాకేం తెలుసమ్మాయీ? తెలియనిచోట నోరు మూసుకోవడమే నా పెద్దరికం."

అప్పుడు జొయ్యిమంటూ వచ్చింది జోరీగ. వచ్చి దూడ చెవి మీద వాలి చురుక్కున కుట్టింది. దూడ తోకైనా ఆడించలేదు. జోరీగ నాలుక చప్పరించి, "థూ! చప్పిడి!" అంది.

కాటుక కొమ్ములు విసిరింది. "పాడు ముఖమా! పుట్టి పూట కాలేదు, నా బిడ్డ నెత్తురే దొరికిందా నీకు?"

"తిట్లు తర్వాత తిడుదువుగానీ, ముందు విను. మీ అందరి నెత్తురూ రుచి చూసిన నాలుక నాది. నీ నెత్తురులో కాపలావాళ్ళు కిటకిటలాడుతుంటారు. ఏ రోగం తొంగిచూసినా కర్రలు పుచ్చుకుని లేస్తారు. నీ బిడ్డ నెత్తురులో ఒక్కడంటే ఒక్కడు లేడు. కడుపులో ఉన్నప్పుడు వాళ్ళు నీ నుంచి దానికి దాటలేరమ్మా, పుట్టాక పాలలోనే దిగిరావాలి. ఆ పసుపుపచ్చటి బంక ఏమిటనుకున్నావు? వాళ్ళే!"

కాటుక మెడ తిప్పి తన పొదుగు వైపు చూసుకుంది.

"ఇంకోటి కూడా విను. చప్పిడి నెత్తురే, కానీ అడుగున సన్నగా సెగ తగిలింది. ఆ బొడ్డు చూడు, నేలకు రాసుకుని మట్టంటింది. అక్కడేదో దూరింది. ఒళ్ళు కాలితే లోకమంతా కనిపెడుతుంది, నెత్తురులో మాత్రం ముందే తెలుస్తుంది."

"దొంగసాక్ష్యం!" అని అందుకుంది పిల్లత్త. "ముక్కు తడిగా ఉంది, చెవులు లేచి ఉన్నాయి, ఇంకెక్కడి సెగ? నెత్తురు తాగే పురుగు మాట వింటావుటే కాటుకమ్మా? దీని స్వార్థం దీనిది!"

"స్వార్థమే, కాదన్నానా?" అంది జోరీగ. "ఇది బతికి గేదైతే నాకు ఏళ్ళ తరబడి భోజనం, పోతే పస్తు. ఉన్నమాట చెప్పేశాను. మరి ఇందులో నీకేం లాభమో నువ్వూ చెప్పత్తా."

"నాదా? వట్టి ప్రేమ" అంది పిల్లత్త. అలా అంటూనే గుమ్మం దగ్గర కడిగి బోర్లించిన పాల తపేలా వైపు చూసింది. నాలుక మీసాల చుట్టూ ఒక్క చుట్టు తిరిగొచ్చింది. అది మంగి కంటపడింది.

"త్వరగా తేల్చుకోండి బాబూ" అని జోరీగ రొద పెట్టింది. "ఈ పూట దూడ పేగులకు తలుపులు తెరిచి ఉంటాయి. పొద్దు వాలేకొద్దీ మూసుకుంటాయి. ఆ తర్వాత కడవెడు పోసినా కడుపు నిండుతుందిగానీ కాపలా లోపలికి పోదు."

దూడ ఇంకోసారి లేవబోయింది. కాళ్ళు నిలవలేదు. గడ్డిలోనే తల వాల్చేసింది. కాటుక బావురుమంది. "తాగిస్తే చస్తుందని ఒకరు, తాగించకపోతే చస్తుందని ఒకరు! నేనేం చేసేదిరా దేవుడా! నా బిడ్డ నాకు కావాలి!"

ఆ ఏడుపు వినలేక మంగి ముందుకొచ్చింది. గొంతు మార్చి, "వదినా, పిల్లత్త చెప్పిందే నిజం" అంది.

పిల్లత్త ముఖం వెలిగింది. "చూశావా! మేకకైనా బుద్ధొచ్చింది."

"అంత ప్రమాదమైన పాలు దూడకే కాదు, ఎవరికీ తగలకూడదు వదినా. రామతులశమ్మ మనల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటుంది. ఆ జున్ను తిని ఆవిడ కడుపులో గడ్డకడితే మన గతేం కాను? ఆవిడ పితకడానికి కూర్చోగానే ఒక్క తన్ను తన్ను. చుక్క మిగలకుండా అంతా పేడలోకి పోవాలి."

కాటుక మనసు వెన్న. "అవునే, ఆ తల్లికేమైనా అయితే? తన్నేస్తాను" అని అప్పుడే కాలు లేపి చూసుకుంది.

పిల్లత్త గాడి మీంచి కిందికి దూకింది. "అయ్యయ్యో, వద్దే! మనుషులకేం కాదు! ఎన్ని ఈతల నుంచి తినడం లేదు వాళ్ళు?"

"పెద్ద కడుపులు, తట్టుకుంటాయేమోలే" అంది మంగి. "మరి నువ్వో అత్తా? చిన్న ప్రాణానివి. ఏటా గిన్నె అడుగు నాకేది నువ్వేగా? నీ కోసమైనా తన్నాల్సిందే."

"నాకా? నాకేమవుతుందే! ఎంత తిన్నా ఇట్టే అరిగిపోతుంది. గడ్డా లేదు, గాడిదగుడ్డూ లేదు!"

బసవయ్య నెమరు మింగి గొంతు సవరించుకున్నాడు. "ఈతల సంగతి నాకు తెలియదుగానీ ఇది తెలుసు. పిడికెడు పిల్లి కడుపులో గట్టిపడనిది, ఇంతలేసి దూడ కడుపులో ఎలా గట్టిపడుతుందే?"

పిల్లత్త తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. కాటుక దాని వైపు ఒక్కసారి చూసింది. అప్పటికీ దాని కళ్ళు తపేలా మీదే ఉన్నాయి.

ఇక కాటుక ఎవరినీ ఏమీ అడగలేదు. మూతితో దూడను ఎత్తి, నెట్టి, నాకి, పొదుగు కిందికి చేర్చింది. చన్ను నోట పడగానే దూడ మూతితో ఒక్క పొడుపు పొడిచింది. కాటుక పాలు చేపింది. చప్పుడు చేస్తూ దూడ తాగుతుంటే కాటుక కళ్ళమ్మట నీళ్ళు కారాయి. రామతులశమ్మ వేడినీళ్ళు తెచ్చేసరికి దూడ మూతి నిండా నురగ. ఆవిడ మురిసిపోయి, బొడ్డు కడిగి మందు రాసి, దూడ తనంతట తాను చన్ను వదిలేదాకా గుంజకానుకుని కూర్చుంది. ఆ తర్వాతే తపేలా అందుకుంది.

మిగిలిన పాలకు జున్ను చిన్న గిన్నెడే అయింది. చల్లారడానికి వసారాలో పెట్టి ఆవిడ ఇటు తిరిగిందో లేదో, ఒక మూల మాయం!

సాయంత్రం పిల్లత్త కొష్టం మూల ముడుచుకుని, కళ్ళు మూసుకుని జపం చేస్తున్నట్టు కూర్చుంది. కళ్ళు మూసుకుని పాలు తాగే జాతి కదా, తననెవరూ చూడరనే దాని ధీమా. "జున్ను తిన్నావా అత్తా?" అని మంగి అడిగితే నోరు తెరవకుండా అడ్డంగా తలూపింది.

జోరీగ పోయి దాని చెవి కొసన కుట్టి చప్పరించింది. "ఓహో! నిన్న కుట్టినప్పుడు చల్లగా ఉన్న నెత్తురు, ఇవాళ సెగ పుట్టిందే! ఒంట్లో ఎక్కడో కాలి వాచిందన్నమాట. ఏదీ, నాలుక చూపించత్తా!"

పిల్లత్త "నేనా?" అందామని నోరు తెరిచింది. నాలుక పండుమిరపకాయలా వాచిపోయి ఉంది. మేకపిల్లలు కిందపడి దొర్లాయి. బసవయ్య కూడా నవ్వాడు. ఎద్దు నవ్వితే ఎలా ఉంటుందో అప్పుడే అందరికీ తెలిసింది.

మర్నాడు పొద్దున జోరీగ దూడ వీపు మీద వాలింది. "నిండు రుచి! సెగ కూడా తగ్గి..." అంటుండగానే దూడ తోక ఫెళ్ళున పడింది. జోరీగ ఎగిరి కుడితి తొట్టిలో పడింది.

"కొట్టింది! నన్ను కొట్టిందర్రా! ఇక బతికినట్టే!" అని కుడితిలో ఈదుతూ అరిచింది జోరీగ.

కాటుక ఏడుస్తూనే నవ్వింది. నవ్వనిది పిల్లత్త ఒక్కతే. అదే తొట్టి అవతలి అంచున కూర్చుని, కాలిన నాలుకను చల్లబరుచుకుంటోంది.

బిడ్డ మేలు కోరి చెప్తున్నామనేవాళ్ళ చూపు బిడ్డ మీదుందో, గిన్నె మీదుందో చూసుకున్నాకే వాళ్ళ మాట వినాలి.